సన్యాసిరావు గారి తేనెపిట్ట

తవిటినాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరి పెరట్లో కూర్చుని పిట్టల్ని చూస్తే, ఆ ఇంటివాళ్ళు పిలిచే పేరుతోనే వాటిని పుస్తకంలో రాసుకునేవారు. తల మీద కుచ్చు ఉన్న పిగిలిపిట్టను ఒక ఇల్లాలు జడపిట్ట అంటే, ఆయన పుస్తకంలో అది జడపిట్టే. సాలూరులో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక ఆదివారం ఆదివారం ఊళ్ళో పెరళ్ళన్నీ ఇలా తిరిగేవారు. ఆయన వెంట మేమిద్దరం. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే హైమవతి పిట్టల కోసం వచ్చేది. నేను, ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఇళ్ళవాళ్ళిచ్చే టీ కోసం వెళ్ళేవాణ్ణి.

ఆ పుస్తకం చూస్తే హైమవతికి ఒళ్ళు మండేది. ఒకే పిట్ట నాలుగు పేర్లతో నాలుగు చోట్ల ఉంటుంది. ఒకచోటైతే అది పిట్ట పేరు కూడా కాదు, "బుజ్జెమ్మ" అని ఉంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "మాస్టారూ, ఎదుటివాళ్ళు చెప్పేది తప్పని తెలిసీ ఊరుకోవడం ఒప్పేనా?" మాస్టారు వచ్చే ఆదివారం ముందుగా బుజ్జెమ్మ ఇంటికే వెళ్దామన్నారు.

బుజ్జెమ్మ ఇల్లంటే బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన సన్యాసిరావు గారి ఇల్లు. పెరట్లో మందారం, దానిమ్మ, నూరువరహాల పొద, బట్టలారేసే తీగ. పన్నెండేళ్ళ కిందట ఆ తీగ కొసన ఒక తేనెపిట్ట సంచీలా వేలాడే గూడు కట్టుకుంది. బొటనవేలంత పిట్ట, వీపు మట్టిరంగు, పొట్ట పసుపు. ఆయన భార్య సూరీడమ్మ దానికి బుజ్జెమ్మ అని పేరు పెట్టింది. అది ఏటేటా మాఘమాసంలో వచ్చేది. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ ఇంట్లో తడిబట్టలు పక్కింటి మేడ మీదే ఆరేవి. సూరీడమ్మ పోయి ఏడాది దాటింది. ఆవిడను ఎరిగిన ప్రాణులు ఆ ఇంట్లో ఇక రెండే మిగిలాయని, ఒకటి తనూ ఒకటి బుజ్జెమ్మా అని ఆయన కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పొద్దున్నే పీట వేసుకుని దానితో కబుర్లు కూడా చెప్పేవాడట.

మేం వెళ్ళేసరికి పిట్ట ముక్కున సాలెగూటి పోగు పట్టుకుని వచ్చి తీగ మీద వాలింది. సన్యాసిరావు గారి మొహం వెలిగిపోయింది. పన్నెండేళ్ళ బట్టీ ఇదేనమ్మా అని హైమవతికి చూపించాడు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, మర్యాదగానే చెప్పింది. "బాబాయ్ గారూ, అంత చిన్న పిట్ట పన్నెండేళ్ళు బతకదండి. మహా అయితే నాలుగైదేళ్ళు. ఇది ఆ పిట్ట కాదు." అందులో అబద్ధం ఏమీ లేదు. ఆయన "అలాగా అమ్మా" అన్నాడు. టీ తెచ్చి ఇచ్చాడు. హైమవతి వాచీ చూసుకుని లేచింది, రెండో ఇంటికి వేళవుతోంది. నా గ్లాసు ఖాళీ అయింది కాబట్టి నేనూ లేచాను. మాస్టారు మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. గేటు దగ్గర చాలాసేపు ఎదురుచూసి, మళ్ళీ లోపలికి వెళ్ళాం.

అప్పుడే సన్యాసిరావు గారు అడుగుతున్నాడు, అమ్మాయి చెప్పింది నిజమేనా అని. మాస్టారు ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారనుకున్నాను. నేనైతే సర్దేసేవాణ్ణే. ఆయన నిజమేనన్నారు. సన్యాసిరావు గారు తల వంచుకున్నాడు.

"ఎప్పుడు పోయిందో తెలీనేదు మాస్టారూ. దాని సోట ఇంకోటొస్తే, దాన్నే సూసి నవ్వుకుంటా కూకున్నాను. దానికోసం ఒక్క పూటైనా ఏడవనేదు."

హైమవతి సంచీ భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయింది. మాస్టారు ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. మొదటి ఏడు వచ్చిన పిట్ట ఎలా ఉండేదో చెప్పమని అడిగారు. ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. మొదటిది సూరీడమ్మ అంట్లు తోముతుంటే చేతికందేంత దగ్గరికి వచ్చి కుళాయి చుక్కలు తాగేదట. ఐదో ఏడు వచ్చింది మాత్రం మనుషులు లోపలికి వెళ్తే గాని కిందికి దిగేది కాదు. దీనికి ఈమధ్య గీర ఎక్కువైందని సూరీడమ్మ అలిగింది కూడా. ఆ తర్వాత ఒకటి గడ్డం గీసుకునే అద్దంలో తన నీడతోనే రోజంతా పోట్లాడేది. అక్కడిదాకా వచ్చి ఆయన ఎందరు బుజ్జెమ్మలో లెక్క మొదలుపెట్టాడు. వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. "ముగ్గురు," అన్నాడు. తీగ మీదున్నదాన్నీ కలిపి ఇంకో వేలు ముడిచి, "కాదు మాస్టారూ, నలుగురు," అన్నాడు.

హైమవతి ఎప్పుడు కింద కూర్చుందో నేను చూడలేదు. అద్దంతో పోట్లాడింది ఏ ఏడాదో అడిగింది. కుళాయి దగ్గరి పిట్ట తోక ఎలా ఆడించేదో అడిగింది. ఆయన చెబుతూ చెబుతూ ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు, ఒకసారి నవ్వాడు. ఎండ ఎక్కింది. రెండో ఇంటి ఊసు ఎవరూ ఎత్తలేదు. లేచేముందు మాస్టారు, మరి ఈ ఏటి పిట్ట సంగతేమిటని అడిగారు. సన్యాసిరావు గారు తీగ వైపు చూశాడు.

"దీని గురించి నాకింకా ఏటీ తెలీదు మాస్టారూ. సూడాలి."

తిరిగి వస్తుంటే హైమవతి మాస్టారి ఇంటి మలుపు దగ్గర ఆగి, తను ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందా అని అడిగింది.

"చెప్పాల్సిందే," అన్నారు మాస్టారు. "చెప్పి, లేచి రాకూడదు."