రెండో కుండ

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే వరహాలమ్మ అందరి అవసరాలకూ ముందుండేది, తన ముసలితనాన్ని మాత్రం దేవుడికి వదిలేసేది.

భర్త పోయాక ఆమెకు ఆధారం పొయ్యి మీద బోర్లించిన కుండే. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద పరిచి లాగితే కాగితంలాంటి రేకు లేచేది. కొత్త కుండ మీద రేకు లేవదు. నూనె రాసి, రోజూ కాస్త వేడిచేసి మచ్చిక చేసుకోవాలి. అందుకే ఆమె రెండో కుండను ఎప్పుడూ సిద్ధంచేసి అటక మీద ఉంచేది.

చేతిలో మిగిలింది మాత్రం తమ్ముడు వీర్రాజు పట్టుకుపోయేవాడు. ఒకసారి మోటారుసైకిలుకి, ఒకసారి జాతరకి.

"నీకంటూ ఏమైనా దాచుకో వదినా," అనేది అతని భార్య నూకరత్నం.

"నాకేమే, చేతులున్నాయి," అని నవ్వేది వరహాలమ్మ.

యాభయ్యో ఏట వానలో జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. రెండు నెలలు పొయ్యి వెలగలేదు. చెవిదిద్దులు అమ్ముకుంది. అవీ అయిపోయాక తమ్ముడింట్లో అన్నానికి కూర్చుంది.

"ఊరికే కూర్చోకపోతే ఆ గేదెకి కాస్త కుడితి పెట్టకూడదటే అక్కా? రెండో చెయ్యి బాగానే ఉందిగా!" అన్నాడు వీర్రాజు.

ముద్ద కంచంలోనే వదిలి లేచింది. ఇంటికొచ్చి అటక మీది కుండను చూసింది. 'కుండ పగులుతుందని తెలుసు. చెయ్యి విరగదనుకున్నానా?' అనుకుంది.

కట్టు విప్పిన రోజే పట్టు పట్టింది. పొద్దున్నే తీసిన మొదటి యాభై రేకుల డబ్బు ఓ డబ్బాలోకి, శనివారం అక్కణ్ణించి పోస్టాఫీసుకి. జ్వరమొచ్చినా ఆ యాభై తీశాకే పడుకునేది.

వీర్రాజు మళ్ళీ వచ్చాడు. "కొత్త ఫోను కొనాలక్కా. ఆ డబ్బా దింపు."

"అది నాది కాదురా. ముసలావిడది."

"ఏ ముసలావిడే?"

"ఇంకా రాలేదు. దారిలో ఉంది."

"వేళాకోళమా? తోడబుట్టినవాడికి లేదంటావా!"

"నా వంతులో అడుగు, ఉంటే ఇస్తాను. ఆవిడ కూడు ముట్టుకున్నావో, అట్లకాడ తిరగేస్తాను!"

వీర్రాజు విసవిసా వెళ్ళిపోయాడు. ఆమె మెత్తబడలేదు.

పదిహేనేళ్ళు గడిచాయి. మంట చూసి చూసి కళ్ళు మసకబారాయి. రేకులు చిరగసాగాయి. ఒకనాడు వరహాలమ్మ పొయ్యి ఆర్పేసి, మచ్చికైన కుండను నూకరత్నం చేతిలో పెట్టింది.

"మరి ఇకనెలా వదినా? మా ఇంటికొచ్చెయ్," అంది నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ.

"వస్తానే, పండక్కి చుట్టంలా. ముసలావిడ దిగింది. ఆవిడ కూడు సిద్ధంగానే ఉంది," అని గొడుగు తీసుకుని పోస్టాఫీసుకి బయల్దేరింది వరహాలమ్మ.

పాత కుండ పగిలాక కొత్తదాన్ని మచ్చిక చేసుకునే వ్యవధి ఉండదు. ఎంతమందిని సాకే ఆడదైనా, ఒంట్లో సత్తువ ఉండగానే తన ముసలితనానికి ముద్ద దాచుకోవాలి.