నీళ్ళ డబ్బాలో ఊపిరితిత్తులు

ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు మా స్కానింగ్ డాక్టర్ సత్యవాణి మేడమ్‌కి లేదు. ఆ అలవాటు నాకుంది. స్కానింగ్ మిషన్‌తో వచ్చిన పుస్తకం చదివి పని నేర్చుకున్నవాణ్ణి. అందులో చివరి ఇరవై పేజీలు చెదలు తినేశాయి. ఆ పేజీల్లో ఉండాల్సిన సంగతులే రోగులకి మరీ ధీమాగా చెబుతుంటాను.

మేడమ్ శిష్యుడు కిరీటి ఒక ప్రోగ్రామ్ రాశాడు. రేడియేషన్ పదో వంతుకి తగ్గిస్తే బొమ్మ ఇసుక చల్లినట్టు వస్తుంది. ఆ ఇసుకంతా తీసేసి, బొమ్మని తేటగా దిద్దిపెడుతుందది. తొమ్మిదేళ్ళ ఎస్తేరుకి ఊపిరితిత్తిలో మచ్చ. అప్పటికే ఆరు స్కాన్లయ్యాయి. పసిదానికి ఇంకెంత రేడియేషన్ పెడతామని, ఏడోది ఆ ఉదయం పదో వంతుతోనే తీశాం. ప్రోగ్రామ్ దిద్దిన బొమ్మలో మచ్చ లేదు.

కిరీటి కళ్ళు తడిశాయి. "మేడమ్, పోయింది! వాళ్ళమ్మ బయటే కూర్చుంది. చెప్పేయనా?"

మేడమ్ ఆ బొమ్మని చాలాసేపు చూసి నా వైపు తిరిగారు. "అప్పలస్వామీ, పొద్దున నీళ్ళ డబ్బా పెట్టావా?"

రోజూ మొదటి రోగి కంటే ముందు, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ డబ్బాని స్కాన్ చేసి మిషన్ సరిగ్గా ఉందో లేదో చూడటం మా ఆచారం. ఆ రోజు పెట్టలేదు. పెట్టాననబోయి, ఆవిడ కళ్ళద్దాల్లోంచి చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

"ఇప్పుడు పెట్టు. పాపకి వాడిన మోతాదే వాడు. వచ్చింది కిరీటి ప్రోగ్రామ్‌కి ఇవ్వు."

ఇచ్చాను. తెర మీద బొమ్మ మెల్లగా తేటపడింది. చేతిలో టీ గ్లాసు ఒరిగి చొక్కా తడిసినా నాకు తెలియలేదు. డబ్బాలో రెండు ఊపిరితిత్తులు! నిండుగా, ముచ్చటగా, ఆవగింజంత మచ్చయినా లేకుండా.

కిరీటి స్కానింగ్ గది అద్దంలోంచి లోపలికి చూశాడు. బల్ల మీద నీళ్ళ డబ్బాయే ఉంది. మళ్ళీ తెర చూశాడు. మళ్ళీ డబ్బా చూశాడు. "దీనికి నేర్పడానికి నేను నాలుగు వేల బొమ్మలు చూపించాను మేడమ్... అన్నీ ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఊపిరితిత్తులవే," అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

మేడమ్ ఎస్తేరు అసలు బొమ్మ తెరిచారు, దిద్దనిది. అంతా ఇసుక. ఆ ఇసుకలో, పాత చోటే, శనగగింజంత మచ్చ.

తలుపు సందులోంచి తల్లి తొంగిచూసింది. "బాబూ, పోయిందా?"

"లేదమ్మా," అన్నాడు కిరీటి. "ఉంది."

ఆవిడ వెళ్ళాక కిరీటి మళ్ళీ నీళ్ళ డబ్బా బొమ్మ తెరిచాడు. "ఇందాకే చెప్పేసి ఇంటికి పంపేసేవాణ్ణి," అన్నాడు. "ఈ ప్రోగ్రామ్‌ని పారేయమంటారా మేడమ్?"

"ఎందుకూ? పిల్లకి రేడియేషన్ తగ్గాల్సిందేగా. దీనికి తెలియదనడం రాదు, అంతే." మేడమ్ నా చొక్కా మీది మరక వంక చూశారు. "పదకొండేళ్ళుగా అప్పలస్వామికి అదే నేర్పుతున్నాను."