గవర్రాజు ఇంట్లో మోహిని ఆట

మండపేటలో గవర్రాజు ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఆ మాట అన్నది ఊరు కాదు, గవర్రాజే. "మా ఇంట్లో ఒక్కొక్కరి బుర్రా ఊరందరికీ సరిపోతుంది" అని వీధరుగు మీద కూర్చుని దారినపోయే వాళ్ళకల్లా చెప్పేవాడు. తమ్ముడు పల్లంరాజు, పెళ్ళాం బుల్లెమ్మాయి అవునవునని తలలూపేవారు. లోపలేమీ లేని తలలు, ఊపడం ఎంత తేలిక!

ఓ ఆదివారం బుల్లెమ్మాయి తమ్ముడు నీలాద్రి హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆ సాయంత్రమే భీమశంకరం గారనే పెద్దమనిషి పల్లంరాజుని చూడ్డానికి వస్తున్నాడు. ఆయన కూతుర్ని సంతలో చూసిన దగ్గర్నుంచి పల్లంరాజుకి అన్నం సయించడం లేదు. వాడి బెంగ మరిపిద్దామని నీలాద్రి పాచికలు తీశాడు.

"ఇది బల్ల మీద ఆడే కథ బావగారూ. నేను కథ నడిపిస్తాను, మీరేమో..."

అంతే. అన్నదమ్ములిద్దరూ బల్లెక్కి నిలబడ్డారు.

"దిగండి బాబూ! చుట్టూ కూర్చోండి. తలో పాత్ర తీసుకోండి."

ఇంకేముంది! బుల్లెమ్మాయి వంటింట్లోకి పరిగెత్తి మొగుడికి గుండిగ, మరిదికి చెంబు, తనకి పులుసు గిన్నె తెచ్చింది. గిన్నెలో పులుసుంది కూడా.

నీలాద్రి నెత్తి కొట్టుకున్నాడు. పాత్రంటే వేషమని విడమరిచి చెప్పి, పల్లంరాజుని బాటసారిని చేశాడు. "అడవిలో మోహిని ఉంది. అందంతో మగాళ్ళని లొంగదీసి నెత్తురు తాగేస్తుంది. ఇలాంటి కథ జాగ్రత్తగా ఆడాలి. పెద్దవాళ్ళ వ్యవహారం. శ్రుతి మించిందనిపిస్తే ఎవరైనా సరే ఆపెయ్యమనొచ్చు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని గవర్రాజు లేచాడు. లోపల కునుకు తీస్తున్న మామ్మని నులకమంచంతో సహా తమ్ముడితో కలిసి మోసుకొచ్చి బల్ల పక్కన దించాడు.

"పెద్దవాళ్ళ వ్యవహారమట మామ్మా! ఈ ఇంట్లో నీకన్నా పెద్దవాళ్ళెవరు? ఇదిగో, మోహిని వస్తోంది!"

చెవిటి మామ్మ కళ్ళు నులుముకుంది. "మోహనా? ఎవరి పిల్లాడ్రా?"

నీలాద్రి పళ్ళు బిగించి కథ సాగించాడు. "గజ్జెలు ఘల్లుమన్నాయి. మోహిని బాటసారి చెయ్యి పట్టుకుని పొదరింట్లోకి లాక్కెళ్ళింది. ఆ తర్వాతది మనకొద్దు. ఇక్కడ తెర దించేద్దాం."

ఎంత మర్యాదగా అన్నాడు! వినేవాళ్ళకి బుర్రుండాలిగా. గవర్రాజు గుమ్మం తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తెర, కడ్డీ, గోడ పెళ్ళలు అన్నీ కలిసి పల్లంరాజు మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే భీమశంకరం లోపలికొచ్చాడు.

"అబ్బాయేడండీ?"

"మోహినితో పొదరింట్లో ఉన్నాడండి" అన్నాడు గవర్రాజు వినయంగా. "పెద్దవాళ్ళ వ్యవహారం కదాని తెర దించేశాం."

తెర కింద పల్లంరాజు మూలిగాడు.

"కంగారు పడకండి, మామ్మ దగ్గరుండి చూసుకుంటోంది" అంది బుల్లెమ్మాయి.

భీమశంకరం మొహం కందగడ్డయింది. "ఛీ! మళ్ళీ మీ మొహాలు నాకు చూపించారో, జాగ్రత్త!" అని విసవిసా వెళ్ళిపోయాడు.

పల్లంరాజు బావురుమన్నాడు. "పొద్దున్నే నేను వెళ్ళి సర్దిచెప్తాను, మీరు నోరు మూసుకోండి" అన్నాడు నీలాద్రి. కానీ తెల్లారి అతను నిద్ర లేచేసరికే అన్నదమ్ములు తాంబూలం పళ్ళెంతో బయల్దేరిపోయారు. "మొహాలు చూపించొద్దన్నారు గానీ రావొద్దన్నారా?" అన్నది గవర్రాజు తర్కం.

అందుకని ఇద్దరూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళారు. నోళ్ళు గట్టిగా మూసుకునే వెళ్ళారు. వెనక్కి నడుస్తూనే భీమశంకరం పెరట్లోకి, అక్కణ్ణుంచి గేదెల పాకలోకి దూరి, పళ్ళేన్ని వీపు వెనక నుంచి చాపారు. ఆకులు, అరటిపళ్ళు కరకరా అయిపోయాయి. పళ్ళెం తేలికైంది. వెనక నుంచి ఎవరో పల్లంరాజు చెయ్యి కూడా ఆప్యాయంగా నాకారు.

వీధిలోకొచ్చాక గవర్రాజు నోరు తెరిచాడు. "తాంబూలం పుచ్చుకున్నార్రా! సంబంధం ఖాయం!"

పాకలోంచి గేదె 'అంబో'మంది.

"మామగారికి జలుబు చేసినట్టుందన్నయ్యా" అన్నాడు పల్లంరాజు సిగ్గుపడుతూ.

అంతే. ఇంటికెళ్ళి పందిరి గుంజలు పాతడం మొదలెట్టారు.