ఛైర్మన్ అనుకుని తోమిన మూత

"దసరాకల్లా ప్రతి పాలకేంద్రానికీ కొత్త స్టీలు క్యాన్లు వస్తాయి." డెయిరీ ఛైర్మన్ మైకులో ఇచ్చిన మాట ఇది. దసరా వెళ్లిపోయింది, క్యాన్లు రాలేదు. పాలు మాత్రం విరుగుతూనే ఉన్నాయి. కేంద్రంలో క్యాన్లు కడిగే ఓబులమ్మకు కడగడం చేతకాదని, వచ్చే నెల నుంచి పనిలోకి రానక్కర్లేదని సూపర్‌వైజర్ చెప్పి వెళ్లాడు.

ఆ కేంద్రంలో పాలు పోసే కుర్రాడు మునీంద్రకు ఒళ్లు మండింది. శ్రమను దోచుకునేవాడే శ్రమకు వంక పెడతాడని కేంద్రం ముందు నిలబడి ఉపన్యసించాడు. ఆమె తప్పు లేదని నిరూపించడానికి తానే చొక్కా చేతులు మడిచి, పాత అల్యూమినియం క్యాన్లన్నిటినీ ఇనుప పీచుతో తళతళలాడేదాకా తోమాడు.

"నేనూ ఇట్లనే తోముతా ఉండా నాయనా. నీ మాదిరి అరుస్తా తోమను, అంతే," అంది ఓబులమ్మ.

మర్నాడూ పాలు విరిగాయి.

మునీంద్ర తన గురువు ఖాదర్ బాషా గారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన పశువైద్య కళాశాలలో సూక్ష్మజీవుల పాఠం చెప్పి రిటైరైన మనిషి. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"ఇంత తోమినా క్రిములు ఎందుకు పోవు సార్? ఇది కుట్ర కాకపోతే ఏమిటి?"

ఆయన రెండు కొత్త అల్యూమినియం మూతలు తెప్పించారు. "ఒకటి మెత్తటి బ్రష్షుతో కడుగు. రెండోది ఇనుప పీచుతో, ఛైర్మన్ అనుకుని తోము."

మునీంద్ర మనసారా తోమాడు. రెండు మూతలనూ పాలు కలిపిన నీళ్లలో రెండు రోజులు ఉంచి, ఒకే ధార కింద ఒకేలా కడిగారు. పైన క్రిములకు అంటుకునే ఊదారంగు మందు పోసి మళ్లీ కడిగారు. మొదటి మూత మీంచి రంగు జారిపోయింది. రెండోదాని మీద వెంట్రుకల్లాంటి ఊదా గీతలు మిగిలాయి. తాకితే వేలికి జిగురు అంటింది.

గీతలో దూరిన క్రిమిని నీళ్లూ బ్రష్షూ అందుకోలేవు. అక్కడే కుదురుకుని జిగురును కప్పుగా వేసుకుంటుంది, ఆ కప్పు కింద పిల్లల్ని పెంచుకుంటుంది. మునీంద్ర మూతను వెలుతురుకు పట్టి చూశాడు. ప్రతి గీతా తన చేతి ఊపే.

"అంటే గీతలు పడ్డ పాత క్యాన్లు మార్చకుండా ఎవరు కడిగినా ఇంతే," అన్నాడు. "రేపు డెయిరీ గేటు ముందు నిప్పులు కురిపిస్తాను సార్."

ఖాదర్ బాషా గారు తల అడ్డంగా ఊపారు. "గరుకుగా మాట్లాడావంటే ఛైర్మన్‌కు నిలవడానికి చోటు దొరుకుతుంది. ఈ మూత ఆయన బల్ల మీద పెట్టి, క్యాన్లు ఎప్పుడని ఒక్క మాట అడుగు. జవాబు అక్టోబరు ముప్పైలోగా, ఓబులమ్మ పని పోకముందే."