దిగేముందు తవుడు చూపు

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు పడుకోండి, కథ మాత్రం నడిచిపోతుంది.

కొండ మీద జీలుగువలస అని ఒక ఊరు. ఆ కొండకి బస్సు రాని రోజుల మాట ఇది. ఆ ఊళ్ళో తవుడు అనే బండివాడు ఉండేవాడు. అతనికి ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, పుట్టగానే వాళ్ళమ్మ అతన్ని చేటెడు తవుడుకి పొరుగింటికి అమ్మి మళ్ళీ కొనుక్కుంది. అలా ఆ పేరు వచ్చింది, ప్రాణమూ నిలిచింది.

తవుడు చాలా కాలం ఎడ్లబండి తోలాడు. ఎడ్లు ముసలివైపోయాక ఒక మోటారు సైకిలు కొన్నాడు. ఊరు మొత్తానికి అదొక్కటే బండి. కింద నుంచి ఉప్పూ ఉల్లిపాయలూ పైకి తెచ్చేవాడు. పైన ఎవరికి జబ్బు చేసినా కింద ఆసుపత్రికి దింపేవాడు. ఎక్కడం ఇంజను పని, దిగడం బ్రేకు పని. ఆ కొండ మీద ఒక ప్రాణం నిలవాలంటే దిగడమే ముఖ్యం.

కొన్నాళ్ళకి బండికి సర్వీసింగు వేళయింది. ఎక్కడ చేయించాలి? ఊళ్ళో తలో మాట అన్నారు.

పట్నంలో ఉండే అల్లుడు గౌరీసు అన్నాడు. "షోరూంకి ఇచ్చీ మావా. ఆల్లు మిషన్లతో సూస్తారు. నీకేటి తెలుసు?"

పొరుగింటి దాలయ్య అన్నాడు. "ఓరి తవుడా, సొంత బండిని పరాయోల సేతిలో పెడతావేట్రా? ఎడ్లకి నాడాలు కొట్టినోడివి, నీకిదెంత?"

పెళ్ళాం పైడమ్మ అన్నది. "ఎవులి సేత సేయించినా సేయించు గానీ, దాని మీద ఎక్కేవోలెవులో ఓపాలి తలుసుకో."

అల్లుడి మాట తవుడికి నచ్చలేదు. దాలయ్య మాట నచ్చింది. పైడమ్మ మాట బుర్రకెక్కలేదు.

పెరట్లో గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. ఇంజనాయిలు మార్చాడు. ప్లగ్గు తీసి గీకాడు. చైను బిగించాడు. ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేరు, బాగానే చేశాడు. అయితే వెనక బ్రేకు నొక్కితే కీచుమంది.

తవుడు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బండి ఇరుసు కీచుమంటే కందెన పూశాడు. ఆముదంలో గడ్డిబూడిద కలిపి చేసే కందెన. అతని లోకంలో కీచుకి మందు కందెనే. చక్రం ఊడదీసి, లోపల బ్రేకు పట్టే చోట దండిగా పూశాడు. ముందు చక్రం చిన్నబుచ్చుకుంటుందేమోనని మిగిలింది దానికీ పూశాడు. కీచు పోయింది. తవుడు మీసం దువ్వుకున్నాడు. ఊళ్ళో నేల చదును, గట్టిగా బ్రేకు వేసే పని లేదు కాబట్టి లోపం బయటపడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఊళ్ళోనే ఉండే గున్నమ్మ అనే పిల్లకి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. ఆమెను మధ్యన కూర్చోబెట్టి వెనక మొగుడు పట్టుకున్నాడు. తవుడు కొండ దిగడం మొదలుపెట్టాడు.

మొదటి మలుపులో బ్రేకు నొక్కాడు, పట్టలేదు. రెండో మలుపులో ముందుదీ వెనకదీ కలిపి నొక్కాడు, రెండూ పట్టలేదు. గేర్లు తగ్గించాడు. ఇంజను ఆంబోతులా రంకె వేసింది. మూడో మలుపు పక్కన లోయ. ఈ పక్కన రోడ్డుపనికి పోసిన కంకరగుట్ట. తవుడు బండిని కంకరలోకి తిప్పాడు. ముగ్గురూ పడ్డారు.

గున్నమ్మ మోచెయ్యి గీసుకుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు. మొగుడూ రోడ్డుపనివాళ్ళూ దుప్పటితో డోలీ కట్టి మిగతా దారి మోసుకుపోయారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. తవుడు మాత్రం ఆ కంకర మీదే కూర్చుని భోరున ఏడ్చాడు. ఎక్కేవాళ్ళెవరో తలుచుకోమని పైడమ్మ ఎందుకన్నదో అప్పుడు తెలిసింది.

బిడ్డనెత్తుకుని తిరిగొచ్చాక గున్నమ్మ అతని గుమ్మం ముందు నిలబడి చెప్పింది. "తవుడు మావా, నీ మీద కోపం నేదు. నీ బండి మాత్రం నాను ఎక్కను."

తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ఆ బండి మీద ఉప్పు ఎక్కింది, ఉల్లిపాయలు ఎక్కాయి, మనుషులు ఎక్కలేదు. జ్వరమొస్తే డోలీ మోసుకుంటూ అతని గుమ్మం ముందు నుంచే పోయేవారు. తవుడు లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకునేవాడు.

తుడిచినా కందెన పూర్తిగా పోలేదు, బ్రేకు అరకొరగానే పట్టేది, ఏటవాలులో బండి నడిపించుకునే దిగేవాడు. ఇక లాభం లేదని షోరూంకి పోయాడు. అక్కడి మేస్త్రి చక్రం విప్పి, వేలితో తీసి వాసన చూశాడు.

"ఎవులు పూసినారు బాబూ ఇది?"

"నానే. కీచుమందని."

మేస్త్రి నవ్వలేదు. "బండిసక్రం తిరగాల, దానికి కందెన. బ్రేకు పట్టాల. దానికి కందెన పూస్తే పట్టేదేటి?" అని, పాత బ్రేకు షూలు తీసేసి కొత్తవి వేశాడు. బండి కడిగి తుడిచి ఇచ్చాడు. పెళ్ళికొడుకులా మెరిసింది. తవుడు దాన్నెక్కి కులాసాగా కొండెక్కి ఇంటికొచ్చాడు.

మర్నాడు ఉప్పు కోసం ఒక్కడే దిగబోయాడు. మొదటి మలుపులో కాలి బ్రేకు తొక్కితే అది నేలకంటా పోయింది. చేతి బ్రేకు పట్టింది కాబట్టి బతికాడు. దిగి చూస్తే వెనక బ్రేకు కడ్డీకి నట్టు లేదు. సరిగ్గా బిగించని నట్టు ఎక్కేటప్పుడు దారిలో ఎక్కడో రాలిపోయింది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది, తెలియలేదు.

బండి నడిపించుకుంటూ షోరూంకి పోయాడు. దారి పొడుగునా తిట్లు కూడగట్టుకున్నాడు. మేస్త్రి చూసి తల వంచేశాడు. "తప్పు నాదే బాబూ. పండగ రద్దీలో మర్సిపోనాను." నట్టు బిగించి, దానికి పిన్ను కూడా వేసి, లేచి అన్నాడు. "కానీ కొండ దిగేముందు ఓపాలి తొక్కి సూసుంటే పైనే తెలిసిపోను కదా."

కూడగట్టుకున్న తిట్లన్నీ అక్కడే వదిలేసి తవుడు బండెక్కాడు. ఇంట్లో చేసిననాడు తను చూడలేదు. షోరూంలో చేయించిననాడూ తను చూడలేదు. చేసే చేతులు మారాయి గానీ చూడనివాడు మాత్రం ఒక్కడే.

అప్పుడు తవుడు ఒక కట్టడి పెట్టుకున్నాడు. ఆయిలూ చైనూ గాలీ ఇంటి పని. ఇంజను లోపలిదీ బ్రేకులూ షోరూం పని, అదీ సంతరోజునే. ఆ రోజు సరుకు జీపులు పైకి వస్తాయి కాబట్టి, బండి లేకపోయినా ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు. ఇక చూపు తన పని. చేసింది ఎవరైనా సరే, ఏటవాలు మొదలయ్యే చోట బండాపి చేత్తో నొక్కాలి, కాలితో తొక్కాలి, కంటితో చూడాలి. ఆ తరువాతే దిగాలి.

రోజూ అలాగే చేశాడు. ఒక్కడే దిగినా చేశాడు. చూసినవాళ్ళు ఇతనికేదో చాదస్తం పట్టిందనుకున్నారు.

ఒక వానాకాలం గున్నమ్మ బిడ్డకి జ్వరమొచ్చి కళ్ళు తేలేసింది. మొగుడు పొరుగూరు పోయాడు. జీపు లేదు, డోలీ మోసేవాళ్ళు పొలాల్లో ఉన్నారు. గున్నమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుని ఏటవాలు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. తవుడు అక్కడ బండి ఆపి చూసుకుంటున్నాడు. ఆమె బండినీ చూసింది, లోయనూ చూసింది.

"సూసినావా మావా?" అంది.

"సూసినాను. నీ ముందు మల్లీ సూస్తాను."

చేత్తో నొక్కాడు. కాలితో తొక్కాడు. వంగి ప్రతి నట్టూ కంటితో చూశాడు. గున్నమ్మ ఎక్కింది. బిడ్డ బతికింది. ఆ తరువాత ఊరంతా ఎక్కింది. ఎక్కిన ప్రతివాళ్ళూ ముందు అదే మాట అడిగేవారు, తవుడు అదే జవాబు చెప్పేవాడు.

ఏళ్ళు గడిచాయి. తవుడు ముసలివాడై పోయాడు. రోడ్డు మీద కాదు, ఇంట్లో మంచం మీద పోయాడు. ఆ కొండ మీద బండి నడిపినవాడికి అంతకన్న గొప్ప చావు లేదు.

పెద్దకర్మ నాటికి ఊళ్ళోకి మరికొన్ని బళ్ళు వచ్చాయి. భోజనాలయ్యాక మూడు బళ్ళు దిగబోతుంటే పైడమ్మ పోయి ఏటవాలు దగ్గర రోడ్డుకి అడ్డంగా కూర్చుంది.

"దిగి సూసుకోండి. అప్పుడే ఎల్లండి."

మొదటిది దాలయ్య కొడుకు బండి. "నా సేత్తో నానే బిగించినాను పెద్దమ్మా" అన్నాడు. పైడమ్మ లేవలేదు. దిగి చూశాడు, బాగానే ఉంది. రెండోది సరుకుల కొట్టువాడి బండి. అదీ బాగానే ఉంది. మూడోది అల్లుడు గౌరీసు బండి. వెనక పెళ్ళాం, ఒళ్ళో పిల్లాడు.

"పోయిన నెల్లోనే షోరూంలో సేయించినాను అత్తా. సూడక్కర్నేదు."

పైడమ్మ లేవలేదు. గౌరీసు విసుక్కుంటూ దిగాడు. చేత్తో నొక్కాడు. కాలితో తొక్కాడు. కంటితో చూశాడు. ముందు బ్రేకు కేబులు లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మీద వేలాడుతోంది. అది షోరూం తప్పు కాదు, గౌరీసు తప్పూ కాదు. తీగ అన్నాక అరుగుతుంది.

మావ పోయిననాడు కన్నీటిబొట్టు రాల్చని గౌరీసు, పెళ్ళాం వైపూ పిల్లాడి వైపూ చూసి, రోడ్డు మీద చతికిలబడి "మావా" అని ఏడ్చాడు. పైడమ్మ అప్పుడు లేచి దారి ఇచ్చింది.

ఇప్పుడా కొండకి బస్సు వస్తోంది. ఇంటికో బండి ఉంది. షోరూం మేలా, ఇల్లు మేలా అని జీలుగువలస రచ్చబండ మీద ఇప్పటికీ కొట్టుకుంటారు, ఎప్పటికీ తేలదు. పెద్దవాళ్ళు మాత్రం "ఎక్కడైనా సేయించుకో, తవుడు సేత సూపించుకో" అని ఊరుకుంటారు.

ఏటవాలు దగ్గర ప్రతి బండీ ఆగుతుంది. నడిపేవాడు నొక్కి, తొక్కి, వంగి చూస్తాడు. వెనక ఎక్కేవాళ్ళు నేల మీదే నిలబడి ఉంటారు. ముసలమ్మైనా, బడిపిల్లైనా, నిన్న కాపురానికొచ్చిన కొత్తకోడలైనా ఒకటే అడుగుతారు.

"తవుడు సూసినాడా?"

"సూసినాడు."

ఆ మాట విన్నాకే ఎక్కుతారు.