అచ్చులోని పాత కొసలు

నమ్మలేనివాళ్లు ఇప్పుడే లేచి చెప్పులు తొడుక్కోవచ్చు. సగంలో లేచి "ఇదంతా కోత" అన్నవాళ్లు ఇంతవరకు ముగ్గురే. ఆ ముగ్గురూ మర్నాడే తిరిగొచ్చి, మిగతా సగం చెప్పమని మూడు రోజులు అన్నం మానుకుని కూర్చున్నారు.

నగరి కొండల కింద ఒక నేతగాళ్ల వీధి. అక్కడ తాండవయ్య సామి దగ్గర చొక్కలింగం పన్నెండేళ్లుగా నేతా, పద్యమూ రెండూ నేర్చుకుంటున్నాడు. సామాన్యుడు కాదు. మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె విసిరితే ఆ గాలికి పక్కింటి పొయ్యి ఆరిపోయేది. పద్యం ఎత్తుకుంటే కొండమీది కోతులు దిగొచ్చి వరసగా కూర్చునేవి. చివరి పాదం అయ్యేదాకా ఒక్కటీ గోక్కునేది కాదు.

అంతటివాడికి ఒకటే బాధ. రెండు వేల ఏళ్ల కిందటి ఒక తమిళ కవి.

ఆయనా నేతగాడేనంటారు. మనిషి ఎట్లా బతకాలో రెండేసి పాదాల్లో, ఏడేసి మాటల్లో చెప్పి, పదమూడు వందల ముప్పై పద్యాలు వదిలిపోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండడే! తమిళం అరకొరగా వచ్చిన ఈ తెలుగు వీధిలోనూ ఆయనే. కొళాయి దగ్గర బిందెలతో పోట్లాడుకునే ఆడవాళ్లు ఆయన పద్యాన్నే ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్లు. ఇడ్లీలమ్మే ముసలామె, చట్నీ మూడోసారి అడిగినవాడికి ఆయన పద్యమే వడ్డించేది.

ఏటా ఒక పౌర్ణమి పొద్దున నేతగాళ్ల సభ. ఏడాదికి ఒక్కడికే తన సొంత పద్యాలు చదివే అవకాశం. దానికి రెండు కట్టుబాట్లు. తన చేత్తో నేసిన కొత్త పంచె కట్టుకుని రావాలి. ముందుగా ఆ పాత కవి పద్యం ఒకటి అందరితో కలిసి పాడాలి. ఈ ఏడు వంతు చొక్కలింగానిది. పన్నెండేళ్లు ఎదురుచూసిన వంతు.

సభకు మూడు రోజుల ముందు అతను పంచెకు కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, సిద్ధం చేసుకున్నాడు. ఇక అతకాలి.

నేతగాళ్లు పాత బట్ట కోసేటప్పుడు పడుగంతా లాగేయరు. పోగులన్నీ దూరి వచ్చే దువ్వెనలాంటి చట్రాన్ని అచ్చు అంటారు. అందులో జానెడు కొసలు, జారిపోకుండా ముందు పక్క ముడులు వేసి, మిగలనిస్తారు. కొత్త పడుగు రాగానే, వేళ్లకు బూడిద రాసుకుని, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త కొస మెలిపెడతారు. మెల్లగా లాగితే పాతవాటి వెంట కొత్తవి వాటి వాటి సందుల్లోకి వచ్చేస్తాయి. ఒక రోజు పని. చొక్కలింగం మగ్గానికున్న అచ్చు సామికి వాళ్ల గురువు ఇచ్చింది. దాంట్లో పోగులు కొత్తగా దూర్చగా చూసినవాడు వీధిలో ఎవడూ లేడు. అతుకు మీద అతుకే.

చొక్కలింగం బూడిద చేతిలోకి తీసుకుంటూ అన్నాడు: "సామీ, సభలో ఆ పాత పద్యం నేను పాడను."

"గొంతు బాగలేదా నాయనా?"

"గొంతుకేం? నేను పదమూడు వందల ముప్పై ఒకటి కట్టినాను. ఆయన కంటే ఒకటెక్కువ. ఆయనది తమిళం, నాది తెలుగు. ఆయన పోయి రెండువేల ఏండ్లాయె. ఆయనకు నేనెందుకు దండం పెట్టల్ల?"

ఎదురు మగ్గం మీద దొరసామి నాడె ఆపాడు. "ఒకటెక్కువ కట్టినావు, సరే. ఏడు మాటల్లోనే ఎందుకు కట్టినావబ్బా? ఎనిమిదోది దొరకలేదా?"

"నీ అంచు చూసుకో దొరసామన్నా. పాము మాదిరి పోతా ఉండాది."

సామి నవ్వలేదు. కోప్పడనూ లేదు. "నీ పద్యాల్లో ఆయనది ఏమీ లేదా?"

"లేదు."

"పోగంత?"

"పోగంత కూడా లేదు సామీ."

సామి లేచాడు. గూట్లోంచి కత్తెర తీసుకుని చొక్కలింగం మగ్గం దగ్గరికి వచ్చాడు. ముందు పక్క ముడులు కత్తిరించి, అచ్చులో మిగిలిన పాత కొసలన్నీ గుప్పిట పట్టి వెనక్కి లాగేశాడు. రెండు వేల నాలుగు వందల పోగులు. అచ్చు ఖాళీ.

"అయ్యో సామీ!" అన్నాడు దొరసామి.



"పంచె నెయ్యి నాయనా," అన్నాడు సామి. కత్తెర గూట్లో పెట్టి వెళ్లిపోయాడు.

ఖాళీ అచ్చులో పోగులు దూర్చడం, ఇద్దరు కూర్చుని చేసినా రెండు మూడు రోజుల పని. చొక్కలింగం ఒక్కడే కూర్చున్నాడు. వేళ్లు కనపడనంత వేగం. అచ్చులోంచి పొగ లేచిందంటే లేచింది, అనుమానం వద్దు. పొద్దు గూకేసరికి ఎనిమిది వందలు దూర్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి పదహారు వందలు.

అప్పుడు కనపడింది. తొమ్మిదో పోగు పదో సందులోకి పోయింది. అక్కణ్నించి అన్నీ ఒక్కో సందు పక్కకు.

చొక్కలింగం ఒక్కొక్కటే వెనక్కి తీశాడు, తొమ్మిదోదాకా.

సామి వచ్చి అచ్చుకు అవతల కూర్చున్నాడు. ఒక పోగు తీసి అందించాడు. చొక్కలింగం ఇవతల అందుకున్నాడు.

పౌర్ణమి పొద్దున ఇంకా నాలుగు వందలు మిగిలే ఉన్నాయి. సభవాళ్లు పంపిన మనిషి గడపలో నిలబడ్డాడు. "ఏమప్పా, వస్తా ఉండావా? లేకుంటే ఈ ఏడు నీ వంతు తీసేయమంటావా?"

చొక్కలింగం ఖాళీ సందుల వైపు చూశాడు. కొత్త పంచె కట్టని నడుము వైపు చూసుకున్నాడు.

"తీసేయండి," అన్నాడు.

కాసేపటికి పక్కవీధి సభలో అందరూ పాత కవి పద్యం ఎత్తుకున్నారు. గోడలు దాటి వినిపించింది. చొక్కలింగం చేతిలో పోగు ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఆ సంగతి ఏడో మాట దాకా వచ్చాక గాని అతనికే తెలియలేదు.

చాలా సేపటికి అడిగాడు. "సామీ, ఈ అచ్చులో మొట్టమొదట పోగులు దూర్చింది ఎవరు?"

"మా గురువును నేనూ అడిగినాను."

"ఏమన్నాడు?"

"వాళ్ల గురువును ఆయనా అడిగినాడంట."

"ఆయనేమన్నాడు?"

"'పోగు అందుకో' అన్నాడంట."

చొక్కలింగం అందుకున్నాడు.

నమ్మకం కుదరకపోతే ఎదురు మగ్గం దొరసామి ఉన్నాడు, పోయి అడగండి. ఆ మూడు రోజులూ అక్కడి నుంచి కదల్లేదు. ఇప్పుడాయనకు నూట పదకొండేళ్లు, రెండు చెవులూ వినపడవు. కొంచెం గట్టిగా అడగాలి.