చేపలకు దారేసిన గైరమ్మ

ఎప్పుడని అడక్కండి, చెప్పేవాళ్లకే తెలీదు. కొండ మీంచి ఒక గెడ్డ గెంతుకుంటూ వచ్చి పెద్ద ఏట్లో కలిసేది. ఆ గెడ్డ పక్కన ఒక ఊరు. ఊరి చివర ఒక పాక. పాకలో వెదురు గంపలు అల్లే గైరమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ పాకా, ఊరుకోలేని నోరూను.

ఊరివాళ్లు మళ్లకు నీళ్లు కావాలని గెడ్డకు అడ్డంగా రాతికట్ట కట్టారు. తొలకరికి ఏటి చేపలు కడుపునిండా గుడ్లతో ఎదురెక్కి వచ్చాయి. కట్ట దాటలేక కిందే గుంపుకట్టాయి. జనం తట్టలకెత్తుకున్నారు. "కట్టమ్మతల్లి ఇచ్చింది!" అని కట్టకు పసుపు రాశారు. రెండో ఏడు సగమే వచ్చాయి. మూడో ఏడు తట్టెడంటే తట్టెడు. తల్లికి కోపమొచ్చిందని కట్టను ఇంకో వరస ఎత్తు చేశారు! మనవాళ్ల తెలివి అలాంటిది.

గైరమ్మ మాత్రం కట్ట మీద కూచుని చేపల్ని చూసేది. "ఈటికి ఇంత ఆత్రమేటి? ఎక్కడికెల్దామని?"

ఒక చేపను బుట్టలో కట్ట పైకి మోసి వదిలింది. ఒడ్డమ్మటే దాని వెంట నడిచింది. అది కొండ కింద మడుగు దాకా పోయి, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టింది. గైరమ్మ గుండెలు బాదుకుంది.

"అయ్యో! పురిటికి పుట్టింటికెల్లే ఆడపిల్లకి అడ్డంగా గోడ కట్టేసినాం!"

పరుగున ఊరిపెద్ద సింహాద్రినాయుడి దగ్గరకు పోయింది. "నాయుడుబాబూ, కట్ట మీద ఒక్క రాయి తియ్యనియ్యండి. దారేత్తాను."

"తియ్యి. ఒక్క మడి ఎండిందా, నీ పాక పీకించేత్తాను," అన్నాడు నాయుడు.

మొదట చేపల్ని మోసింది. చేతులు పడిపోయాయి. తర్వాత ఏటవాలుగా తడిక వేసింది. చేపలు జారిపోయాయి. ఆ సాయంత్రం వెదురుమోపుతో గట్టెక్కుతూ ముమ్మారు ఆగి ఊపిరి తీసుకుంది. అక్కడే నవ్వొచ్చింది. "నానే ఒక్క ఊపున ఎక్కలేను, కడుపుతో ఉన్నది ఎలాగెక్కద్ది?"

పెద్ద గంపలు అల్లి, బంకమన్ను మెత్తి, అడుగున రాళ్లు నింపి, కట్టకు ఆనించి మెట్లలా పేర్చింది. కట్ట మీద ఒక్క రాయి తీసింది. నీళ్లు గంపలోంచి గంపలోకి దిగుతూ ప్రతి గంపలోనూ కాసేపు నిలిచాయి.

మళ్లు ఎండలేదు. పాక నిలిచింది. కానీ అప్పటికే చేపలొచ్చే రోజులు దాటిపోయాయి. "గైరమ్మ చేపలకి మేడమెట్లు కట్టింది" అని ఊరు నవ్వింది. ఎండాకాలంలో ఆమెకు జ్వరం తగిలింది. గైరమ్మ పొరుగింటి పైడమ్మ చెయ్యి పట్టుకుని "వచ్చినాయేటే?" అని అడిగింది. పైడమ్మ ఏడ్చింది. గైరమ్మ పోయింది.

తొలకరి వచ్చింది. ఒక చేప మొదటి గంపలోకి ఎగిరింది. ఆగింది. రెండో గంప. ఆగింది. మూడో గంప, ఆపైన కట్ట అవతల! దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నాయుడు మోకాలిలోతు నీళ్లలో నిలబడి చూశాడు. తడిబట్టలతోనే ఆమె సమాధి దగ్గరకు పోయాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో తొలివరదకు ఎవరూ వల వెయ్యరు. ఇంటికొక గంప కొత్తది అల్లి మెట్లలో పెడతారు. చేతకానివాళ్లు వంకరగా అయినా అల్లుతారు. మొదటి చేప కట్ట దాటగానే ఊరంతా గైరమ్మ దగ్గరకు పోయి, "వచ్చినాయే అమ్మా" అని చెప్పి గాని అన్నం తినరు.